మెర్ల్ బావ అడిగిన మాట

"ఇది పేలుతుందా?" అని అడిగాడు మా మెర్ల్ బావ.

అడిగింది తుపాకుల కొట్లోనే. గాజు బల్ల మీద పరిచిన పచ్చ గుడ్డలో పాతకాలపు రివాల్వర్ ఒకటి ఉంది. ఇంకెవరు అడిగినా ఆ ప్రశ్నలో వింతేమీ లేదు. ఆయన అడగడమే వింత. ఏళ్ళ తరబడి పాత రివాల్వర్లు కొని దాచుకుంటున్న మనిషి. పైపూత ఎంత మిగిలింది, పిడికున్న చెక్క అసలుదేనా, అన్ని భాగాల మీదా నంబర్లు కలుస్తున్నాయా, ఇవే అడుగుతాడు. పేలుతుందా అని ఏనాడూ అడిగి ఎరగడు. ఆయన ఇంట్లో గాజు బీరువా నిండా రివాల్వర్లున్నా ఒక్కటీ ఒక్కసారైనా పేలిన పాపాన పోలేదు.

మెర్ల్ హాగెన్ అంటే మా వైపు ఎరగనివాళ్ళు లేరు. మాది మోంటానాలో ఉత్తరపు కొస, కెనడా సరిహద్దు పక్కన గోధుమలు పండే బయలు. ఆయన వేసవంతా సేద్యం, బడులు తెరిచాక పిల్లల బస్సు తోలడం. నోట్లో నాలుక లేని మనిషి. ఒక ఏడాది మంచు తుఫానులో బస్సు దారి మధ్య కూరుకుపోయింది. పిల్లలతో పాటు రాత్రంతా అందులోనే గడిపాడు. తెల్లారి మంచు తవ్వే బండి వచ్చేసరికి పిల్లలు పేకాటలో మునిగి ఉన్నారు. ఆట సగంలో దిగమన్నందుకు ఒకడు ఏడ్చాడు కూడా. కాఫీ హోటల్లో అందరూ చుట్టూ చేరి ఏం జరిగిందయ్యా అంటే, "దారి కొంచెం మూసుకుపోయింది" అన్నాడు. అంతే. తన కోటూ బూట్లూ విప్పి చలికి వణుకుతున్న చిన్నపిల్లకి తొడిగాడనీ, ఆ రాత్రి రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడనీ మాకు తెలిసింది వసంతంలో, అదీ మా అక్క చెబితే.

మా అక్క పేరు ఆర్డిస్. ఆయన మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడేది. రివాల్వర్ల సరదా ఆయనదని ఊరంతా అనుకుంటుంది గానీ, కొనేది బావ, ఎంచేది అక్క. ఏటా విత్తనాలు వేశాక, గడ్డి కోతలకి ముందు, ఇద్దరూ వయోమింగ్‌లో బిగ్‌హార్న్ కొండలకి సెలవుకి పోయేవాళ్ళు. వాగు పక్కన చెక్క గది, చేపలు పట్టడం, తిరుగుదారిలో బఫెలో ఊళ్ళో నెడ్రా గారి తుపాకుల కొట్టు. అక్క ఒక్కో రివాల్వర్‌నీ కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళి వెలుగులో తిప్పి చూసేది. "ఇది ఎవడో కోటు మార్చిన పెళ్ళికొడుకు, వద్దు" అనేది పైపూత కొత్తగా వేసినదాన్ని చూసి. నచ్చినదాన్ని బావ చేతిలో పెట్టేది. ఆయన సిగ్గుతో ఎర్రబడ్డ మొహంతో డబ్బు కట్టేవాడు.

మేం ఆ కొట్టుకి వెళ్ళడానికి ముందటి అక్టోబరులో అక్క పోయింది.

ఆ చలికాలం బావ చిక్కి సగమయ్యాడు. చర్చికి రావడం మానేశాడు. గడ్డం గీయడం మానేశాడు. ఒక రోజు మా ఆవిడ లొరేన్ ఆయనకి కూర ఇవ్వడానికెళ్ళి, ఇచ్చిన గిన్నె ఇచ్చినట్టే పట్టుకుని తిరిగొచ్చింది. కోటైనా విప్పకుండా వంటింట్లో నిలబడిపోయింది.

"డ్వేన్, ఆయన కుక్కని ఇచ్చేశాడు" అంది.

"ఎవరికి?"

"ఎవరికైతే ఏంటి! పదేళ్ళు పక్కలో పడుకోబెట్టుకున్న కుక్కని ఎవరికో ఇచ్చేశాడంటున్నా. నువ్వెళ్ళు."

ఎందుకెళ్ళమందో నాకు తెలుసు. మా వైపు ఒక పద్ధతుంది. తుపాకి లేని ఇల్లంటూ మాకుండదు. మనిషి మరీ కుంగిపోయినప్పుడు దగ్గరివాడొకడు బండేసుకుని వెళ్ళి, "నీ తుపాకులు కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుతా" అంటాడు. ఎందుకని ఆయన అడగడు, ఇందుకని వీడు చెప్పడు. కోలుకున్నాక ఆయనే వచ్చి అడిగి పట్టుకెళ్ళాలి. అంతవరకూ దాచినవాడు తనంతట తను తిరిగివ్వకూడదు. ఎందుకు దాచాడో ఆ మాట పైకి అనడం మాలో మర్యాద కాదు.

వెళ్ళాను. అన్నాను. బావ తనే బీరువా తాళం తీశాడు. ఒక్కోదాన్నీ అక్క వంటింటి తువ్వాళ్ళలో చుట్టి నా చేతికిచ్చాడు. దుప్పుల వేటకి వాడే పెద్ద తుపాకి కూడా ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరం కాఫీ తాగుతూ డీజిల్ ధర గురించి మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చి అన్నిటినీ మా నేలమాళిగలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా పని అయిపోయిందనుకున్నాను.

జూన్‌లో బావ ఫోన్ చేశాడు. "బిగ్‌హార్న్ పోదామా? గది ఎప్పుడో చెప్పి ఉంచాం. మీ అక్క చెప్పి ఉంచింది."

"పోదాం బావా" అన్నాను. లొరేన్ నా సంచిలో బట్టలు సర్దుతూ, "చేపల మీద కాదు, మనిషి మీద కన్నెయ్యి" అంది.

కొండల మీద ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నాడు. చేపలు పట్టాడు, వేయించాడు, తిన్నాడు. నేను వాగులో జారి నడుం దాకా మునిగితే నవ్వాడు కూడా. "దుప్పికైనా అడుగు ఎక్కడెయ్యాలో తెలుసురా, నీకు తెలీదు" అన్నాడు. ఆ నవ్వు వినగానే లొరేన్‌కి ఫోన్ చేసి, బావ గట్టెక్కాడు అని చెప్పాను. ఎంత తొందరో నాకు!

తిరిగొస్తూ, "నెడ్రా కొట్లో ఒకసారి ఆగుదాం" అన్నాడు. నేను పెద్దగా కంగారుపడలేదు. ఆయన ఎప్పుడూ కొనే రకం వందేళ్ళలోపువి, పోలీసువాళ్ళవి, రైల్వే కాపలావాళ్ళవి. అలాంటిది పక్క రాష్ట్రంలో కొంటే చేతికివ్వరు. మా ఊరి తుపాకుల డీలరుకి పంపిస్తారు. అక్కడ కాగితాలు రాసి, ప్రభుత్వం వాళ్ళకి ఫోన్ చేసి కొనేవాడి వివరాలు సరిచూసి, అప్పుడిస్తారు. ఆ డీలరుకి నేను చలికాలంలోనే ఒక మాట చెప్పి ఉంచాను. అందుకని నెడ్రా గారి కాఫీ ఒక కప్పులో పోసుకుని నిదానంగా తాగుతున్నాను.

"రండి మెర్ల్ గారూ!" అంది నెడ్రా గారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం కొట్టంతా వినిపిస్తుంది. "ఆర్డిస్ ఏదీ? బండిలోనే కూర్చుందా? రమ్మనండి, ఈసారి తనకోసం ఒకటి పక్కన పెట్టా!"

"రాలేదు" అన్నాడు బావ.

నేను గోడ మీద తగిలించిన దుప్పి తలవైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఎప్పుడూ చూసే బల్ల దగ్గర ఆగలేదు. దాన్ని దాటుకుని కొట్టు చివరికి నడిచాడు. అక్కడుండేవి మరీ పాతవి. పద్ధెనిమిది వందల తొంభై ఎనిమిదిలోగా తయారైతే చట్టం లెక్కలో అది పురాతన వస్తువు కిందకొస్తుంది. కాగితం లేదు, ఫోన్ లేదు. ఏ రాష్ట్రంవాడైనా డబ్బిచ్చి జేబులో వేసుకుపోవచ్చు.

కాఫీ నా నోట్లోనే ఉండిపోయింది.

నెడ్రా గారు ఒకటి తీసి, గుండ్లగది తెరిచి ఖాళీ అని చూపించి చేతికిచ్చింది. ఆయనా తెరిచి చూశాడు, అంతవరకు అలవాటే. ఆ తర్వాత కిటికీ దగ్గరకి వెళ్ళలేదు. నంబర్లు చూడలేదు. పిడి చుట్టూ వేళ్ళు మూసి, బరువు చూస్తున్నట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి దాన్ని పచ్చ గుడ్డ మీద పెట్టి అప్పుడు అడిగాడు, పేలుతుందా అని.

"పేలకేం! పోయిన వేసవిలో మా ఆయన పేల్చాడు" అంది నెడ్రా గారు. "అయినా మీకెందుకండీ, గాజు బీరువాలో కూర్చోబెట్టేదానికి?"

"ఊరికే."

"దీనికి తూటాలు కూడా ఉన్నాయి ఒక పెట్టె. ఇవ్వమంటారా?"

బావ తల తిప్పి వీధిలోకి చూశాడు. బయట లారీ ఒకటి గేర్లు మార్చుకుంటూ పోయింది. అది మలుపు తిరిగేదాకా దాన్నే చూశాడు.

"వద్దు" అన్నాడు.

నాకేం ఊరట కలగలేదు. తూటాలదేముంది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. బేరం చెడగొట్టాలి, అంతే నాకు తోచింది. మనసులో ఉన్నది అనలేక నోటికొచ్చింది అనేశాను.

"బావా, ఇది కోటు మార్చిన పెళ్ళికొడుకు. అంచులు చూడు, సాన పట్టి అరగదీశారు. ఎవరో నీకు అంటగట్టాలని చూస్తున్నారు."

"ఏవయ్యా!" నెడ్రా గారు నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా కొట్లో నా కాఫీ తాగుతూ నా సరుక్కే వంకలు పెడతావా? పాత తుపాకికీ ట్రాక్టరు పైపుకీ తేడా తెలుసా నీకు?"

"తెలుసు కాబట్టే అంటున్నా."

"ఏం తెలుసు? కప్పు అక్కడ పెట్టు ముందు."

"ఒరేయ్" అన్నాడు బావ, గొంతు పెంచకుండానే. "బయటికెళ్ళి బండి అద్దాలు తుడువు. పురుగులు పట్టి ఉన్నాయి."

"నెడ్రా గారూ, ఒక్క మాట..." అని మొదలెట్టాను. బావ తలెత్తి నన్ను చూశాడు. అంత నేరుగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. పెళ్ళాన్ని పోగొట్టుకున్న మనిషి పరువు పరాయి ఊళ్ళో తీయడానికి నాకు నోరు రాలేదు. వెళ్ళి పిచ్చివాడిలా అద్దాలు తుడిచాను. ఆయన అట్టపెట్టె చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. నేను లేనప్పుడు తూటాలు కూడా కొన్నాడేమో, తెలియదు.

బండి ఆయనే తోలాడు. పెట్టె మా ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. గేరు వేయనప్పుడల్లా ఆయన కుడి చెయ్యి దాని మూత మీదే ఉంటోంది. వయోమింగ్ దాటాం, మోంటానాలోకొచ్చాం. దారికిరువైపులా గడ్డి గాలికి పడుకుని ఉంది. మామూలుగా వాగుడుకాయని నేను, రేడియో పెట్టడానిక్కూడా చెయ్యి రాలేదు. ఆ పెట్టె లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామని రెండు మూడుసార్లు అనిపించింది. విసిరితే ఏమంటాడు? ఎందుకురా అంటాడు. ఎందుకో చెప్పాల్సి వస్తుందని భయం.

చాలా దూరం పోయాక ఆయన నోరు విప్పాడు.

"ఫ్రీజర్లో దుప్పి మాంసం ఉండిపోయింది. లొరేన్‌ని తీసుకుపొమ్మను."

"నువ్వే తిను" అన్నాను.

"ఒక్కడికి ఎంతని తింటాను."

ఎండ వాలుతుండగా రోడ్డు పక్క హోటల్ ఒకటి కనిపించింది. అక్క ఉన్నప్పుడు తప్పకుండా ఆగే చోటు. ఆయనకిష్టమైన తీపి, పులుపు కాడలతో చేసే రూబార్బ్ పై, తెమ్మని చెప్పాను. సగం తిన్నాడు. చెంచాని పళ్ళెం అంచుకి ఆనించి పెట్టి లేచాడు.

"టోపీ బండిలో మర్చిపోయా" అని బయటికెళ్ళాడు.

నేను తలూపి ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమలబోతూ పక్కకి చూశాను. టోపీ ఆయన కూర్చున్న కుర్చీ పక్కన, నా కళ్ళ ముందే ఉంది.

ఎలా లేచానో తెలియదు. కాఫీ కప్పు కింద పడింది. "అయ్యా, బిల్లు!" అని వడ్డించే అమ్మాయి వెనకనించి అరిచింది. బండి దగ్గరకి పరిగెత్తాను. తలుపు తెరిచే ఉంది. సీటు మీద పెట్టె లేదు. బావా అని అరిచాను. హోటల్ చుట్టూ పరిగెత్తాను. ఒక్క చప్పుడు కోసం ఒళ్ళంతా బిగపట్టుకుని పరిగెత్తాను. వినపడకూడదు దేవుడా, వినపడకూడదు దేవుడా అని పైకే అంటున్నట్టున్నాను.

హోటల్ వెనక ముళ్ళకంచె పక్కన పాత ట్రాక్టరు టైరు పడేసి ఉంది. ఆయన దాని మీద కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టె. మూత వేసే ఉంది. రెండు చేతులూ మూత మీద పెట్టుకుని ఎదురుగా గడ్డి చేలోకి చూస్తున్నాడు.

అప్పుడొచ్చింది నాకు కోపం. మర్యాద లేదు, మన్నన లేదు, అన్నీ గాలికిపోయాయి.

"చావాలని ఉందా బావా నీకు?" అని అరిచాను. "చెప్పు! ఆ పనికేనా అది కొన్నావ్? నా మొహం చూసి చెప్పు!"

ఆయన తల తిప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అడిగావురా, ఇన్నాళ్ళకి" అన్నాడు.

నేను ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"చలికాలంలో వచ్చావు. తుపాకులు పట్టుకెళ్ళావు. డీజిల్ ధర గురించి మాట్లాడావు. ఆ తర్వాత ప్రతి వారం వచ్చావు. అడుగుతావేమో అని చూశా. నా అంతట నేను చెప్పలేను, తెలుసుగా నీకు. అడిగితే చెబుదును."

"అడక్కూడదనుకున్నా బావా."

"నేనూ ఒకప్పుడు మా పొరుగాయన తుపాకులు అలాగే దాచా. నేనూ అడగలా." పెట్టె మూతని బొటనవేలితో రాశాడు. "కొట్టుకి ఏమీ అనుకోకుండానే వెళ్ళా. ఒట్టు. ఆర్డిస్ ఏదీ అందిగా ఆవిడ. అక్కడే ఏదో అయింది నాకు. పేలుతుందా అని అడిగింది నేనేనా అనిపించింది. పేలుతుంది అని ఆవిడ అనగానే... సంతోషం వేసిందిరా. నిజంగా సంతోషం. అంత సంతోషం అక్టోబరు నుంచి ఎరగను. దానికి భయమేసింది."

"భయమేస్తే అక్కడే వదిలెయ్యక, ఎందుకు కొన్నావు?"

"వదిలేస్తే అది అక్కడే ఉంటుందిగా. కాగితం అక్కర్లేదు, అడిగేవాడు లేడు. ఏదో ఒక రోజు ఒక్కణ్ణే బండి తోలుకుంటూ దానికోసం వస్తా. నాకు తెలుసు, వస్తా. అందుకని కొన్నా. నీకిద్దామని. దారి పొడుగునా ఇద్దామనే అనుకున్నా. చెయ్యి రాలేదు. టోపీ అని చెప్పి ఇక్కడికొచ్చి కూర్చున్నా, ఇంకా చెయ్యి రావట్లేదు." ఆయన చేతులు మూత మీంచి లేవలేదు. "నువ్వే తీసుకో. నేనివ్వలేను."

మోకాళ్ళ మీద కూర్చుని ఆయన వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తాను. బస్సు తోలి తోలి గట్టిపడ్డ వేళ్ళు. పెట్టె తీసి నా వెనక గడ్డిలో పెట్టి, ఆయన తల నా భుజానికేసి పట్టుకున్నాను. ఆ మనిషి ఏడవడం నేనప్పుడే చూశాను. అక్కని పూడ్చిన రోజు కూడా ఏడవలేదు.

వడ్డించే అమ్మాయి బిల్లు కోసం వెనక్కొచ్చింది. చేతిలో బావ టోపీ ఉంది. మమ్మల్ని చూసి, టోపీ కంచె గుంజకి తగిలించి వెళ్ళిపోయింది.

"మా ఇంటికి పోదాం. అక్కడే ఉందువుగాని. సోమవారం నిన్ను డాక్టరుకి చూపిస్తా" అన్నాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. "సరే" అన్నాడు.

కోతలయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. డాక్టరు మందులిచ్చింది. కొన్నాళ్ళు వారం వారం వెళ్ళి ఆవిడతో మాట్లాడొచ్చేవాడు. ఏం మాట్లాడావు అని లొరేన్ అడిగితే, "దారి కొంచెం మూసుకుపోయిందని చెప్పా" అనేవాడు. అది విని లొరేన్ ఆయన్ని తువ్వాలుతో కొట్టేది. కుక్కని పుచ్చుకున్నవాళ్ళే తెచ్చి ఇచ్చేశారు.

మరుసటి వసంతంలో మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. "నా తుపాకులు పట్టుకుపోదామని వచ్చా" అన్నాడు. ఇనప్పెట్టె తెరిచాను. అక్క తువ్వాళ్ళలోంచి ఒక్కోదాన్నీ విప్పి చూసి, మళ్ళీ చుట్టి బండిలో పెట్టుకున్నాడు. ఆఖరికి నెడ్రా గారి అట్టపెట్టె ఒక్కటే మిగిలింది. దాన్ని తీయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది ఇక్కడే ఉండనీ. ఎప్పుడైనా నేనొచ్చి దాన్ని అడిగితే ఇవ్వకు. ఎందుకని అడుగు."

ఆయన ఇంతవరకూ దాన్ని అడగలేదు. నేను మాత్రం ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. ప్రతి ఉదయం ఫోన్ చేసి, వానా గోధుమల సంగతి ఎత్తకముందే అడుగుతాను, ఇవాళ ఎలా ఉంది బావా అని. బాగానే ఉంది అంటాడు చాలా రోజులు. ఒక్కోరోజు "ఇవాళ బాగోలేదురా" అంటాడు. ఆ రోజు చేతిలో ఏ పనున్నా వదిలేసి, బండేసుకుని వెళ్తాను.